ఒక ఎర్ర జెర్సీ, దాని వెనక ఆరు ట్రోఫీలు

సెప్ కుస్ అనే పేరు మన కాలేజీలో ఎంతమంది విన్నారో నాకు డౌటే. క్రికెట్‌లో అయితే డ్రింక్స్ మోసుకొచ్చే పన్నెండో ఆటగాడి పేరు కూడా మనవాళ్ళు టక్కున చెప్పేస్తారు. సైక్లింగ్ అనగానే మాత్రం ఎక్కువమందికి గుర్తొచ్చేది లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక్కడే, అది కూడా డోపింగ్‌లో దొరికిపోయాడు కాబట్టి. కానీ నేను చెప్పాలనుకున్న విషయానికి కుస్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అందుకని ముందు అతని కథ కొంచెం, తర్వాత నా గొడవ.

కుస్ 1994లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డురాంగో అనే కొండల ఊళ్ళో పుట్టాడు. సముద్రమట్టానికి దాదాపు 2000 మీటర్ల ఎత్తులో ఉండే ఊరు. 1990లో మొట్టమొదటి మౌంటెన్ బైక్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది అక్కడే. వాళ్ళ నాన్న అమెరికా ఒలింపిక్ స్కీయింగ్ జట్టుకి కోచ్‌గా పనిచేశారు. కుస్ కూడా మౌంటెన్ బైక్‌తోనే మొదలుపెట్టి, బౌల్డర్‌లో యూనివర్సిటీ చదువుకుని, రోడ్ రేసింగ్ వైపు వచ్చాడు. 2018లో ఒక డచ్ టీమ్‌లో చేరాడు. ఆ టీమ్ తర్వాత జంబో-విస్మా అనే పేరుతో ఫేమస్ అయింది. అదే ఏడాది టూర్ ఆఫ్ యూటా అనే రేస్ గెలిచాడు. అంటే గెలవడం చేతకాని మనిషేం కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

యూరప్‌కి వచ్చాక అతనికి దొరికిన ఉద్యోగం వేరు. దాన్ని ఫ్రెంచ్‌లో దొమెస్తీక్ అంటారు. తెలుగులో చెప్పాలంటే పనివాడు. పేరే అంత మొహమాటం లేకుండా ఉంది.

ఈ పని అర్థం కావాలంటే కొంచెం ఫిజిక్స్ కావాలి. ఫస్టియర్‌లో చదివిందే, భయపడకండి. సైకిల్ మీద వేగంగా వెళ్ళేవాడికి అసలు శత్రువు గాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. అందుకే చదును రోడ్డు మీద ముందొకడు గాలిని చీల్చుకుంటూ వెళ్తుంటే, వెనక దాక్కున్నవాడికి దాదాపు మూడో వంతు శ్రమ మిగులుతుంది. ఒక్కో టీమ్‌లో ఎనిమిదిమంది ఉంటారు. ఏడుగురు గాలికి ఎదురెళ్తారు, ఒకడు దాక్కుంటాడు. ఆ ఒక్కడే లీడర్.

కొండ ఎక్కేటప్పుడు లెక్క మారిపోతుంది. వేగం తగ్గుతుంది కాబట్టి గాలి ప్రభావం తగ్గి, భూమ్యాకర్షణ పెత్తనం మొదలవుతుంది. ఇక్కడ బరువు మీద ఒక్కో కిలోకి ఎన్ని వాట్ల శక్తి పుట్టించగలవు అన్నదే ప్రశ్న. బలంగా, బరువుగా ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వెనకబడిపోతారు. ఎనిమిదిమందిలో ముందు ముగ్గురు పోతారు, తర్వాత ఇద్దరు, తర్వాత ఇంకో ఇద్దరు. చివరికి లీడర్ ఒంటరి అయిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు కూడా అతని ముందు ఒక మనిషి ఉండాలి. ప్రత్యర్థులు ఎటాక్ చేయడానికి ఊపిరి దొరకనంత వేగాన్ని నిలబెట్టాలి, నీళ్ళ బాటిల్ కావాలంటే ఇవ్వాలి, అవసరమైతే తన చక్రం తీసి ఇచ్చేసి తను రోడ్డు పక్కన నిలబడాలి. కొండ మీద మిగిలే ఆ ఆఖరి పనివాడే సెప్ కుస్. సన్నగా, తేలిగ్గా, కొండ కోసమే పుట్టినట్టుంటాడు. ప్రపంచంలో ఆ పని అతనంత బాగా చేసేవాళ్ళు చాలా తక్కువమంది.

ఎంత బాగా చేశాడో చూడండి. సైక్లింగ్‌లో మూడు వారాల పెద్ద రేసులు మూడే మూడు. ఇటలీలో జిరో, ఫ్రాన్స్‌లో టూర్, స్పెయిన్‌లో వుయెల్టా. ఒక్కోదానిలో 21 స్టేజిలు, 3000 కిలోమీటర్లు పైనే. అన్ని రోజుల టైమ్ కలిపితే ఎవరిది తక్కువో వాళ్ళదే ట్రోఫీ. స్లొవేనియాకి చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్ 2019, 2020, 2021 వుయెల్టాలు వరసగా గెలిచాడు. మూడింట్లోనూ కుస్ ఉన్నాడు. డెన్మార్క్ వాడు యోనాస్ వింగెగార్డ్ 2022లో, 2023లో టూర్ గెలిచాడు. రెండింట్లోనూ కుస్ ఉన్నాడు. 2023 మేలో రోగ్లిచ్ 14 సెకన్ల తేడాతో జిరో గెలిచాడు. అందులోనూ కుస్ ఉన్నాడు. మొత్తం ఆరు ట్రోఫీలు. వికీపీడియాలో విజేతల పట్టిక తెరిచి చూస్తే ఆ ఆరు చోట్లా రెండే పేర్లు కనిపిస్తాయి. ఆ రెండిట్లో కుస్ పేరు లేదు.

ఇక 2023 ఆగస్టుకి వద్దాం. జిరో అయింది, టూర్ అయింది. ఒకే ఏడాది మూడోసారి మూడు వారాల రేసుకి కుస్ వచ్చాడు, వుయెల్టాకి. టీమ్‌లో లీడర్లు ఇద్దరు, రోగ్లిచ్, వింగెగార్డ్. ఆరో స్టేజి హవలాంబ్రే అనే కొండ మీద ఉన్న అబ్జర్వేటరీ దగ్గర ముగుస్తుంది. ఆ రోజు కుస్ ముందే విడిపోయిన ఒక గుంపులో చేరి, చివరి కొండ మీద అందరినీ వదిలేసి ఒంటరిగా గెలిచాడు. రెండు రోజుల తర్వాత మొత్తం రేసులో మొదటి స్థానం వచ్చింది. ఎర్ర జెర్సీ, అంటే వుయెల్టాలో లీడర్ వేసుకునేది, పనివాడి ఒంటి మీదకి వచ్చింది.

అందరూ అనుకున్నది, నాలుగు రోజులు వేసుకుంటాడు, తర్వాత అసలు హీరోలకి ఇచ్చేస్తాడు అని. కానీ ఇవ్వలేదు. 13వ స్టేజిలో తుర్మలే కొండ మీద వింగెగార్డ్ మొదట, కుస్ రెండు, రోగ్లిచ్ మూడు. రేసు మొత్తం మీద కూడా ఆ ముగ్గురే మొదటి ముగ్గురు, కుస్ అందరికంటే పైన. అప్పటికి వింగెగార్డ్ కంటే ఒక నిమిషం 44 సెకన్లు ముందున్నాడు.

ఇక్కడే గొడవ మొదలైంది. 16వ స్టేజిలో బెహెస్ దగ్గర వింగెగార్డ్ ఎటాక్ చేసి నిమిషం పైగా టైమ్ లాగేసుకున్నాడు. న్యాయంగా చెప్పాలంటే ఆ రోజు వాళ్ళ టీమ్‌మేట్ నేథన్ వాన్ హూయ్‌డాంక్ గుండె సమస్యతో ఆస్పత్రి పాలయ్యాడు. ఆ గెలుపుని వింగెగార్డ్ అతనికే అంకితమిచ్చాడు. సరే, అర్థం చేసుకోవచ్చు. మర్నాడు అంగ్లీరు. దాదాపు పన్నెండున్నర కిలోమీటర్ల ఎక్కుడు, ఒక చోట వాలు 23 శాతం దాటుతుంది. అంటే వంద మీటర్లు ముందుకి జరిగితే 23 మీటర్లు పైకి. ఘాట్ రోడ్డులో బస్సు ఫస్ట్ గేర్‌లో మూలిగే మలుపుని గుర్తు తెచ్చుకోండి, అది దీని ముందు చదును రోడ్డే. అక్కడ, చివరి రెండు కిలోమీటర్లలో రోగ్లిచ్, వింగెగార్డ్ ఇద్దరూ తమ సొంత టీమ్ లీడర్‌ని, ఎర్ర జెర్సీలో ఉన్న కుస్‌ని వెనక వదిలేసి వెళ్ళిపోయారు. కుస్ ఇంకో టీమ్ రైడర్ మికెల్ లాండా చక్రం పట్టుకుని ఎలాగో పైకి చేరాడు. జెర్సీ ఎనిమిది సెకన్ల తేడాతో మిగిలింది.

ఆరు ట్రోఫీలు మోసినవాడికి ఏడోదాని దగ్గర తోడొచ్చింది వేరే టీమ్ వాడు.

జనం మండిపడ్డారు. మర్నాటి నుంచి టీమ్ తేల్చేసింది, ఇక కుస్ కోసమే పనిచేస్తాం అని. 18వ స్టేజిలో తేడా 17 సెకన్లకి పెరిగింది. 2023 సెప్టెంబర్ 17న మాడ్రిడ్‌లో కుస్ విజేత. రెండు వింగెగార్డ్, మూడు రోగ్లిచ్. ఒకే ఏడాది మూడు పెద్ద రేసులూ ఒకే టీమ్ గెలవడం చరిత్రలో అదే మొదటిసారి.

ఇప్పుడు నా గొడవ.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఫ్రెండ్స్ రెండు రకాలుగా విడిపోతారు. ఒక బ్యాచ్ అంటారు, "పాపం, ఇన్నేళ్ళు సేవ చేశాడు, ఒక్కటి గిఫ్ట్‌గా ఇచ్చారు, బాగుంది." ఇంకో బ్యాచ్ అంటారు, "రేస్ రేసే. బలం ఉన్నవాడు గెలవాలి. అంగ్లీరులో వెనకబడ్డాడంటే బలం లేనట్టే. గిఫ్ట్ ఇవ్వడమేంటి, చీప్‌గా." నాకు ఇద్దరి మాటా నచ్చదు. ఎందుకంటే ఇద్దరూ దాన్ని గిఫ్ట్ అనే అనుకుంటున్నారు.

హవలాంబ్రేలో కుస్‌ని ఎవరూ పైకి తోయలేదు. ఆ టైమ్ అతను తొక్కి సంపాదించుకున్నదే. పదమూడో స్టేజి దాకా, టైమ్ ట్రయల్‌తో సహా, ఆ జెర్సీని తనే కాపాడుకున్నాడు. ఇక "బలం ఉన్నవాడు గెలవాలి" అనే మాట. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ బలం ఎక్కడి నుంచి వచ్చింది? 2022 టూర్‌లో ఉటాకాం కొండ మీద వింగెగార్డ్ పోగాచర్‌ని వదిలేసి వెళ్ళిన రోజు, ముందు వేగం పెంచి లాగింది కుస్, తర్వాత వూట్ వాన్ ఆర్ట్. ఒకడి కాళ్ళలో శక్తి మిగలాలంటే ఇంకొకడి కాళ్ళలో శక్తి ఖర్చవ్వాలి. ఇదేం కవిత్వం కాదు, పైన చెప్పిన ఫిజిక్సే. ఆరు రేసుల్లో తన కాళ్ళు అరగదీసి కాపాడిన కాళ్ళే ఏడో రేసులో తన మీదకి వస్తే, దాన్ని "ప్యూర్ కాంపిటీషన్" అనడం నాకు కుదరదు. స్టాప్‌వాచ్ అబద్ధం చెప్పదు, నిజమే. కానీ గీత దాటిన క్షణాన్ని మాత్రమే చెబుతుంది. అంతకు ముందు ఏం జరిగిందో దాన్ని అడగలేం.

రోగ్లిచ్ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. అతను తన కోరిక దాచుకోలేదు, గెలవడానికే వచ్చానన్నట్టే ఆడాడు. గెలవాలని లేని మనిషి ఆ స్థాయికి రాడు కూడా. నాకు కోపం ఆయన మీద కాదు, ముందే మాట తేల్చని టీమ్ మేనేజ్‌మెంట్ మీద. తుర్మలే తర్వాతే "ఇప్పటి నుంచి కుస్" అనో, "ముగ్గురూ ఎవరికి వాళ్ళే" అనో చెప్పేస్తే అంగ్లీరులో ఆ దృశ్యం ఉండేది కాదు. ఎవరికీ స్పష్టంగా చెప్పకుండా వదిలేస్తే, నష్టపోయేది ఎప్పుడూ నోరు తక్కువ ఉన్నవాడే.

సైక్లింగ్‌లో ఇది కొత్తేం కాదు. 1985 టూర్‌లో గ్రెగ్ లెమాండ్ తన లీడర్ బెర్నార్ ఇనో కోసం ఆగిపోయాడు. వచ్చే ఏడాది నీకు సాయం చేస్తానని ఇనో మాటిచ్చాడు. 1986 వచ్చేసరికి అదే ఇనో అతని మీదే ఎటాక్ చేశాడు. చివరికి లెమాండే గెలిచాడనుకోండి. కానీ దాదాపు నలభై ఏళ్ళ తర్వాత కూడా టీమ్‌ల మధ్య పాఠం ఒంటబట్టలేదంటే, ఇది ఒక మనిషి స్వభావం సమస్య కాదు, లెక్క రాసుకునే పద్ధతి సమస్య.

ఇదంతా మనకెందుకు అంటారా? మన రెజ్యూమెలు చూడండి. నలుగురు చేసిన మినీ ప్రాజెక్ట్‌కి నాలుగు రెజ్యూమెల్లోనూ "టీమ్ లీడ్" అనే ఉంటుంది. ఎందుకలా రాస్తాం? "టెస్టింగ్ చేశాను", "డాక్యుమెంటేషన్ రాశాను" అని రాస్తే ఇంటర్వ్యూలో ఎవరూ పట్టించుకోరని సీనియర్లు చెప్పారు కాబట్టి. అబద్ధం చెప్పమని ఎవరూ అనరు. నిజానికి విలువ లేకుండా చేస్తే చాలు, అబద్ధం దానంతట అదే వస్తుంది.

పోయిన ఏడాది ఒక ఇంటర్ కాలేజ్ హ్యాకథాన్‌కి వెళ్ళాం. రాత్రి రెండింటికి మా సర్వర్ పడిపోతే, తెల్లారేదాకా కూర్చుని లేపింది మా టీమ్‌లోని ఒక అమ్మాయి. పొద్దున ప్రెజెంటేషన్ టైమ్‌కి తను కుర్చీలోనే నిద్రపోతోంది. రెండో ప్రైజ్ వచ్చింది. నిర్వాహకులు స్టేజి మీదకి ఒక్కరినే పిలిచారు, సర్టిఫికెట్ మీద కూడా లీడర్ పేరు ఒక్కటే, కింద "అండ్ టీమ్" అని. మిగతావాళ్ళకి పార్టిసిపేషన్ సర్టిఫికెట్లు తర్వాత మెయిల్‌లో వస్తాయన్నారు. ఆ ఫొటో ఇంట్లో చూపిస్తే నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో నీ పేరేదమ్మా?" నాన్నని తప్పుపట్టలేను. ఫీజు కట్టేది ఆయనే, పేరు వెతుక్కోవడం సహజం. కానీ నాకే ఇలా ఉంటే, రాత్రంతా మేలుకున్న ఆ అమ్మాయి వాళ్ళింట్లో ఏం చెప్పిందో!

"గిట్‌లో కమిట్లు లెక్కపెడితే సరిపోతుంది కదా, ఎవరెంత చేశారో తెలిసిపోతుంది" అని మా క్లాస్‌లోనే ఒకరన్నారు. సరిపోదు. ఒక పెద్ద ఫైల్ కాపీ చేసి పెట్టినా కమిట్ కమిటే. మూడు గంటలు వెతికి ఒక్క అక్షరం సరిచేసినా కమిట్ కమిటే. పక్కవాడికి కాన్సెప్ట్ అర్థమయ్యేదాకా వివరిస్తే అసలు కమిటే ఉండదు. అది కూడా ఇంకో స్టాప్‌వాచ్ అంతే. 2023 టూర్ రిజల్ట్ షీట్‌లో కుస్ 12వ స్థానంలో కనిపిస్తాడు. 20వ స్టేజిలో కిందపడి మొహం పగిలి కూడా రేసు పూర్తి చేశాడు. ఆ 12 అనే అంకెలో అతని పని ఎంత కనిపిస్తోంది?

లెక్క రాయడం అసాధ్యమేం కాదు. క్రికెట్ స్కోర్‌కార్డ్ చూడండి. వికెట్ బౌలర్‌దే, కానీ క్యాచ్ పట్టినవాడి పేరు ముందు రాస్తారు. ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడి పక్కన అసిస్ట్ ఇచ్చినవాడి పేరు ఉంటుంది. సినిమా అయిపోయాక లైట్‌బాయ్‌ల పేర్లు కూడా వస్తాయి, మనం చూడకుండా లేచి వెళ్ళిపోతాం, అది వేరే సంగతి. ఆ ఆటల వాళ్ళకీ సినిమా వాళ్ళకీ వచ్చిన ఆలోచన ఇంజనీరింగ్ కాలేజీకి ఎందుకు రాకూడదు?

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "సహాయకులందరినీ లీడర్లని చేసేయాలి" అని నేను అనడం లేదు. వుయెల్టా గెలిచాక కుస్ ఏం చేశాడో చూడండి. 2024లో వుయెల్టాకి డిఫెండింగ్ ఛాంపియన్‌గా వచ్చాడు, నిలబెట్టుకోలేకపోయాడు. 2025లో వింగెగార్డ్ వుయెల్టా గెలిచినప్పుడు అదే టీమ్‌లో, అదే కొండల మీద, మళ్ళీ అతని ముందు కుస్ ఉన్నాడు. పాత పనిలోకి వెళ్ళిపోయాడు. చాలామందికి ఇది ఓటమిలా కనిపిస్తుంది. పైకెక్కినవాడు మళ్ళీ కిందకి దిగాడంటారు. నాకు అలా అనిపించదు. కెరీర్ అంటే ఇంటర్న్, డెవలపర్, లీడ్, మేనేజర్ అని ఒకే నిచ్చెన ఉంటుందని మనకి నూరిపోశారు. ఒక పనిలో ప్రపంచంలోనే బెస్ట్ అయినవాడు ఆ పనిలోనే ఉండాలనుకోవడం ఎందుకు తక్కువ? పనివాడి పని తక్కువ అనుకుంటేనే దాంట్లోకి తిరిగి రావడం దిగడంలా కనిపిస్తుంది. అందరికీ ఎర్ర జెర్సీ అక్కర్లేదు. వేసుకున్న రోజు మాత్రం సొంతవాళ్ళే లాగకూడదు, వేసుకోని రోజుల్లో పేరు మాయం కాకూడదు. నేను అడిగేది ఈ రెండే.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. ప్రతి ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో "ఎవరు ఏం చేశారు" అని ఒక పేజీ ఉండాలి. రివ్యూ మొదలయ్యే ముందే పనులు పంచుకుని అందులో రాసుకోవాలి, చివర్లో జరిగింది జరిగినట్టు సరిచేసి నలుగురూ సంతకం పెట్టాలి. వైవాలో ఆ పేజీ చూసే ప్రశ్నలు అడగాలి. లీడర్‌కి ఒక అదనపు పని. మిగతా ముగ్గురిలో ఒక్కొక్కరి గురించి, "వీళ్ళు ఇది చేయకపోతే ఇది ఆగిపోయేది" అని రెండు లైన్లు తన చేత్తో రాయాలి. రాయలేకపోతే లీడర్‌కే తన టీమ్ గురించి తెలియదన్నమాట. అది కూడా మార్కులేసే సార్లకి పనికొచ్చే సమాచారమే.

ఈ ఈ-మ్యాగజైన్ నుంచే మొదలుపెట్టొచ్చు. రాసినవాళ్ళ పేర్లు పైన పెద్ద అక్షరాల్లో ఉంటాయి. మా ఒత్తులు, దీర్ఘాలు దిద్దేవాళ్ళ పేర్లు, పేజీలు సర్దేవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయో ఎడిటర్లు ఒకసారి చూడాలి.

వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌కి మా టీమ్ రిపోర్ట్‌లో ఆ పేజీ ఉంటుంది. ఫార్మాట్‌లో లేదు, తీసేయండి అని ఎవరైనా అంటే, ఫార్మాట్ మార్చమని హెచ్‌ఓడీకి లెటర్ రాస్తాను. ఆ లెటర్ మీద సంతకాలు కావాలి. చదివినవాళ్ళలో ఎవరైనా పెడతామంటే క్లబ్ రూమ్‌కి రండి.